కార్పొరేటరమ్మ సంతకం

మా వార్డులో ఎవరైనా చనిపోతే దగ్గరి చుట్టాల కంటే ముందు ఫ్రీజర్ పెట్టె వస్తుంది. ఆ పెట్టె మూత మీద మా కార్పొరేటర్ ఫొటో ఉంటుంది, రెండు చేతులు జోడించి, నవ్వుతూ. మా అత్తమ్మ పోయిన రోజు ఆమె ముఖం చూడాలంటే ముందు ఆయన ముఖం దాటి చూడాల్సి వచ్చింది. చర్చి నుంచి పాస్టరు గారు రాకముందే ఆయన వచ్చి, సమాధి తవ్వేవాళ్ళను పిలిపించి, గల్లీలో కుర్చీలు వేయించి, టీ క్యాను తెప్పించాడు. సమాధి దగ్గర అందరితో పాటు గుప్పెడు మట్టి వేశాడు. మా పాట ఆయనకు రాదు, అయినా పెదవులు కదిలించాడు. ఆ రోజు నేను ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టాను. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఇక మీద రాసేదంతా కోపంతో రాస్తున్నాను కాబట్టి, అందులో నా వాటా దాచుకోవడం బాగుండదు.

నిజానికి మా వార్డు కార్పొరేటర్ ఆయన కాదు, ఆయన భార్య. రెండుసార్లు ఆయనే గెలిచాడు. మూడోసారి వార్డు మహిళలకు రిజర్వ్ అయ్యేసరికి ఆమెను నిలబెట్టాడు. ఫ్లెక్సీల మీద ఆయన ఫొటో తలుపంత, ఆమెది కిటికీ అంత. ఆమె గెలిచింది. పూలదండలు ఆయన మెడలో పడ్డాయి. ఇప్పటికీ నిజామాబాద్‌లో మా వైపు ఎవరిని అడిగినా కార్పొరేటర్ అంటే ఆయనే. ఆమెను అందరూ వదినె అంటారు. వదినె అంటే అన్న భార్య అని మాత్రమే అర్థం. అంతకు మించి ఆమెతో ఎవరికీ పని లేదు.

అందరికీ సాయపడే ఈ పని ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో మా బాపుకు తెలుసు. బాపు బోధన్ వైపు చక్కెర ఫ్యాక్టరీలో కాంటా దగ్గర పనిచేసేవాడు. చెరుకు బండ్లు తూకానికి వచ్చేది అక్కడికే. అప్పట్లో ఆయనకు ఏ ఉద్యోగమూ లేదు. తెల్ల అంగీ వేసుకొని యార్డులో తిరిగేవాడు. నా చిన్నతనంలో బాపు ఆయన్ను అనుకరించి మమ్మల్ని నవ్వించేవాడు.

"బండ్ల పొంటి నడుసుకుంట వొస్తడు. 'ఏ ఊరు పెద్దమనిషీ' అంటడు. కోటగిరి అంటే, 'అరె, మా మేనమామ ఊరే.' రెంజల్ అంటే, 'అరె, మా మేనమామ ఊరే.' వానికి ఎందరు మేనమామలున్నరో వాళ్ళ అవ్వకే తెల్వది."

చెరుకు నరకాలంటే రైతు ఇష్టం కాదు, ఫ్యాక్టరీ ఇచ్చే పర్మిట్ రావాలి. పర్మిట్ ఆలస్యమైతే చేలోనే చెరుకు ఎండి బరువు తగ్గుతుంది. ఆయన ఆఫీసులో గుమాస్తాతో స్నేహం చేసి పర్మిట్లు తనే తెచ్చి పంచుతానని తీసుకునేవాడు. మూడు రోజులు జేబులో పెట్టుకొని తిరిగేవాడు. నాలుగో రోజు రైతు ఇంటికి పోయి, "నీ కోసం సారు కాళ్ళు మొక్కి తెచ్చిన" అని చేతిలో పెట్టేవాడు. ఆ రైతు ఇంట్లో ఆయనకు కోడికూర.

అప్పుడు నేను నవ్వాను. చిన్నపిల్లను, మేనమామల లెక్క నచ్చింది. ఇప్పుడు ఆ కథలో నవ్వేచోటు ఎక్కడుందో నాకు దొరకడం లేదు. ముందు వరుసను ఆపుతాడు. తర్వాత అందులోంచి ఒకరి చెయ్యి పట్టుకొని ముందుకు తీసుకుపోతాడు. మిగిలినవాళ్ళకు ఆపింది ఎవరన్న ఆలోచన రాదు, తమ చెయ్యి ఎప్పుడు పట్టుకుంటాడా అని చూస్తూ ఉంటారు. ఫ్యాక్టరీ మూతబడింది. బాపు లాంటివాళ్ళు ఒక కాలేజీలో వాచ్‌మన్‌గానో, ఒక గోదాములో హమాలీగానో చేరారు. ఆయన మాత్రం చేతిలో ఉన్న పని పోగొట్టుకోలేదు. చెరుకు పోయింది, రేషన్ కార్డులు ఉన్నాయి, పింఛన్లు ఉన్నాయి, ఆసుపత్రిలో మంచాలు ఉన్నాయి.

ఇప్పుడు నా సంగతి. మా ఇంటి గేటు ముందు మోరీ ఉంది, నడుం లోతు మురుగుకాలువ. ఎండాకాలంలో పూడిక తీస్తామని పైన ఉన్న సిమెంటు బండలు పక్కకు జరిపారు. కొన్ని పగిలాయి, వాటిని ట్రాక్టరులో వేసుకొని పోయారు. కొత్తవి వేస్తామన్నారు. పూడిక తీసి రెండు నెలలైంది. మోరీ నోరు తెరుచుకొని అట్లాగే ఉంది. మేము ఒక చెక్క అడ్డం వేసుకొని దాటుతున్నాం. నా కూతురికి మూడేళ్ళు. బండలు తీసిన నెలలోనే గేటు గడియ తీయడం నేర్చుకుంది. నేను గడియకు తాడు కట్టాను. తాడు ముడి విప్పడం నేర్చుకుంది. పిల్ల తెలివికి సంతోషపడాల్సిన తల్లిని, ముడి విప్పినప్పుడల్లా దాని చేతి మీద కొట్టాను. స్నానానికి పోతే తలుపు తీసిపెట్టి పోయేదాన్ని, గేటు చప్పుడు వినబడాలని. ఎండాకాలంలో అందులో బురద. వాన పడితే నీళ్ళు. ఊరంతా వాన కోసం మొగులు చూస్తుంటే నేను రాకూడదని చూశాను.

"అన్నకు ఒక్క మాట చెప్తే అయిపోతది గద," అన్నాడు మా ఆయన.

"బండలు ఆయన ఇంట్లకెళ్ళి తెస్తడా?"

"ఎక్కడికెళ్ళి తెస్తే నీకెందుకు? పిల్ల పడకుంటే సాలదా?"

నేను డిచ్‌పల్లిలో పీజీ చదివాను. పరిపాలన మీదే రెండు పేపర్లు రాశాను. నా హక్కు నేను అడుగుతాను, ఎవరి దయ వద్దు అనుకున్నాను. ఒక పేజీ దరఖాస్తు రాసుకొని పిల్లను చంకనేసుకొని వార్డు ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా చదివాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"దీని మీద కార్పొరేటర్ సంతకం ఉంటే తొందరగైతదమ్మా. లేకుంటే వరుసల పడ్తది."

"వరుస ఎంతుంటది?"

గుమాస్తా నవ్వి, బల్ల మీద దొంతిగా ఉన్న కాగితాలు చూపించాడు.

సరే, కార్పొరేటర్ సంతకమే కదా అనుకున్నాను. అక్కడే నేను చదువుకున్నవాళ్ళు మాత్రమే చేసే తప్పు చేశాను. చట్టం ప్రకారం కార్పొరేటర్ ఎవరో వాళ్ళ దగ్గరికి పోయాను.

పొద్దున పదకొండుకు పోయాను. ఇంటి ముందు రేకుల షెడ్డు కింద కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆయన పక్క వార్డులో చావుకు పోయాడు. వదినె వెనక నల్లా దగ్గర కూర్చొని టీ కప్పులు కడుగుతోంది. పెద్ద టబ్బు నిండా కప్పులు. పొద్దున వచ్చిపోయినవాళ్ళవి.

"ఆయన లేడు. పన్నెండైతది," అంది తల ఎత్తకుండానే.

"నీ కోసమే వచ్చిన వదినె."

ఆమె తల ఎత్తింది. "నాతోటేం పని?"

దరఖాస్తు చూపించాను. చేతులు చీరకు తుడుచుకొని తీసుకుంది. వాక్యం కింద వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ మొత్తం చదివింది. మధ్యలో ఆగింది.

"తక్షణం అంటే ఇప్పుడేనా?"

"ఇప్పుడే వదినె."

"మంచిగ రాసినవ్. నేను ఏడో తరగతి దాక సదివిన. మా బడిల నాదే మంచి రాత." ఇంకోసారి మొదటి నుంచి చూసింది. పైన 'గౌరవనీయ కార్పొరేటర్ గారికి' అని ఉన్న చోట వేలు ఆగింది. "ఇంతవరకు నా చేతికి ఎవ్వరు కాయితం ఇయ్యలె. అందరు ఆయనకే ఇస్తరు."

లోపలికి పోయి ఫ్రిజ్ మీద నుంచి పెన్ను తెచ్చింది. గచ్చు మీద కాగితం పెట్టి, వంగి, పేరు మొత్తం ఒక్కో అక్షరం రాసింది. ఇంటి పేరు కూడా. చివరన కింద గీత గీసింది. చాలా సేపు పట్టింది.

"గెలిసినప్పుడు పెట్టిన, మల్ల ఇయ్యాల్నే పెట్టుడు," అంది నవ్వుతూ. "స్టాంపు ఆయన అంగీ జేబుల ఉంటది. స్టాంపు లేకున్నా ఏమైతది, నేనే గద."

మళ్ళీ ఇయ్యాల్నే పెట్టుడన్న మాట నేను విన్నాను. వినయంగా అంటోంది అనుకున్నాను. నా పని అయిందన్న సంతోషంలో ఆ మాటకు అర్థం ఏమిటో ఆలోచించలేదు.

మర్నాడు ఆఫీసులో గుమాస్తా కాగితం తీసుకొని, కింద చూసి, మళ్ళీ చూసి, ఒక ఫైలు తెరిచాడు.

"ఈ సంతకం కలుస్తలేదమ్మా."

"దేనితోటి?"

ఫైలు నా వైపు తిప్పాడు. అందులో ఎన్నో కాగితాలు. అన్నింటి మీద గుండ్రటి ముద్ర, దాని పక్కన ఒకే సంతకం. వేగంగా, పాము మెలికలాగా, ఒక్క గుంజుడుకు పెట్టిన సంతకం. మొదటి అక్షరం తప్ప ఇంకేమీ తెలియదు.

"ఇది కార్పొరేటరమ్మ సంతకం. నువ్వు తెచ్చింది ఆమెది కాదు. ఎవరు పెట్టిండ్రో ఏమో."

"ఆమెనే పెట్టింది సార్. నా కండ్ల ముంగట పెట్టింది. గచ్చు మీద కూర్చొని పెట్టింది."

"అట్లయితే ఇవన్నీ ఎవరియి?"

ఆ ప్రశ్న గుమాస్తా నన్నే అడిగాడు, నోరు జారి. అడిగాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాకు ఒళ్ళు మండింది. మా వార్డులో పింఛన్లు, అడ్రసు సర్టిఫికెట్లు, రోడ్డు పనులు, అన్నీ ఆ మెలిక సంతకం మీద నడిచాయి. గెలిచిన మనిషి, మేమంతా ఓటేసిన మనిషి, తన చేత్తో తన పేరు రాస్తే అది చెల్లదు.

"సంతకం కలవలేదని రాసివ్వండి. దీని మీదనే రాయండి," అన్నాను.

గొంతు పెద్దగా వచ్చి ఉంటుంది. వెనక నిలబడ్డ వాళ్ళు తొంగి చూశారు. గుమాస్తా ఏమీ రాయలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టాడు. "ఇంటికి పోమ్మా. చిన్నపిల్లతోటి వచ్చినవ్." నేను మెట్లు దిగేలోపే ఫోను చెవికి పెట్టుకోవడం కిటికీలోంచి కనబడింది.

సాయంత్రం ఆయనే వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. మోరీ మీద చెక్క దాటి, గేటు గడియ తనే తీసుకొని, "బాగున్నరా అందరు" అంటూ లోపలికి వచ్చాడు. మా దగ్గరే ఉంటున్న బాపు లేచి నిలబడ్డాడు. బాపు లేచి నిలబడడం నాకు నచ్చలేదు. "ఏం అన్నా, నువ్వు లేసుడేంది? కాంటా కాడ నువ్వు నన్ను ఎన్నిసార్లు ఎల్లగొట్టినవో యాదికున్నది," అని ఆయనే బాపును కూర్చోబెట్టాడు. నా కూతురిని ఒళ్ళోకి తీసుకున్నాడు. అది ఆయన జేబులోంచి స్టాంపు బయటికి లాగింది. ఆయన దాని అరచేతి మీద ముద్ర వేశాడు. అది నవ్వింది. నాకు లేచి పిల్లను గుంజుకోవాలనిపించింది, కానీ కూర్చునే ఉన్నాను.

"చెల్లె, నువ్వు సదువుకున్నదానివి," అన్నాడు. "మా ఇంట్ల మనిషికి ఏం తెల్వదు. బీపీ ఉన్నది. ఆమెను కాయితాలల్ల గుంజుడెందుకు? బండలు గావాలంటే నాతో చెప్పరాదు?"

"బండలు మీవి కావు గదన్నా."

"కావు. నేనన్ననా నాయని?" నవ్వాడు. కోపం రాలేదు ఆయనకు. వచ్చి ఉంటే నాకు ధైర్యం వచ్చేదేమో. "రేపు పొద్దుగాల బండలు పడ్తయ్. ఆ కాయితం ఇటియ్యి."

అప్పుడు అర్థమైంది ఆయన దేనికోసం వచ్చాడో. నా దగ్గర ఉన్నది మోరీ దరఖాస్తు కాదు. వార్డులో ఎన్నో కాగితాల మీద ఉన్న సంతకం ఎవరిది కాదో చెప్పే కాగితం.

"ఇయ్యకుంటే?" అన్నాను.

"ఇయ్యకుంటే ఇయ్యకు. నీ బిడ్డ, నీ ఇల్లు. నేనేం గుంజుకపోతనా?" పిల్ల జుట్టు నిమిరాడు. "వరుసల పెడ్తరు. వస్తయ్ బండలు, ఎన్నడో ఓనాడు."

బయట గాలి లేచింది. ఎక్కడో వాన పడుతున్న మట్టివాసన వచ్చింది. మా ఆయన నా వైపు చూడకుండా గోడ వైపు చూస్తున్నాడు. నేను బాపు వైపు చూశాను. ఆ మనిషిని చూసి ఇన్నేళ్ళు నవ్వినవాడు బాపు. ఒక్క మాట అంటాడని చూశాను.

"ఇయ్యి బిడ్డా," అన్నాడు బాపు.

ఇచ్చాను. ఆయన తెరిచి, ఆ సంతకం చూశాడు. కాసేపు చూశాడు. "ఇంత పొడుగు రాసిందా," అన్నాడు తనలో తను, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను టీ పెట్టలేదు. ఆయన పోయాక మా ఆయన అదే పెద్ద తప్పన్నట్టు మాట్లాడాడు.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. కొత్త బండలు. గల్లీ మొత్తానికి వేశారు. మధ్యాహ్నానికల్లా అయిపోయింది. రెండు నెలలు ఆగిన పని ఒక్క పూటలో. అంటే బండలు ఎప్పటి నుంచో ఎక్కడో సిద్ధంగా ఉన్నాయి. ఎవరి జేబులోనో ఉన్నాయి. నా కూతురు వాటి మీద దుంకింది. పక్కింటివాళ్ళు నాతో, "నీ పుణ్యమాని అయింది" అన్నారు. ఆ రాత్రే పెద్ద వాన పడింది. పొద్దున లేచి చూస్తే బండల కింద నీళ్ళు హోరుమని పోతున్నాయి. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. పిల్ల బతికి ఉంది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నా కోపం తగ్గలేదు. పిల్ల భయాన్ని పట్టుకొని నన్ను బేరం ఆడించాడు. ఆ భయం కూడా ఆయన తయారు చేసిందే.

రెండు వారాల తర్వాత వదినె మా గల్లీకి వచ్చింది. చేతిలో కూరగాయల సంచి. నేను గేటు దగ్గరే ఉన్నాను. ఆమె బండ మీద నిలబడి, చెప్పుతో ఒకసారి తట్టింది.

"ఇదేనా?"

"ఇదే వదినె."

"అయితే నా సంతకం పనికొచ్చిందన్నట్టు."

నేను నిజం చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆమె ముఖం చూశాక చెప్పలేకపోయాను. "వచ్చింది వదినె," అన్నాను.

ఆమె అటూ ఇటూ చూసి, సంచిలో బెండకాయల కింద నుంచి ఒక ఫారం తీసింది. వెనక గల్లీలో భర్త పోయిన ఒక ముసలామెది. ఆధార్‌లో అడ్రసు మారితే తప్ప ఆమెకు పింఛను రాదు. దానికి కార్పొరేటర్ సంతకం కావాలి. కింద వదినె సంతకం ఉంది. పేరు మొత్తం, ఇంటి పేరుతో సహా, కింద గీత. ఈసారి అక్షరాలు ఇంకా గట్టిగా ఉన్నాయి.

"నీ సంగతి విని ఆమె నా తాన్కి వచ్చింది," అంది వదినె. "ఆయనకు చెప్పలె. నీకు ఆఫీసులు తెలుసు గద, ఇచ్చిరా."

తీసుకున్నాను. ఆ ఫారం ఆఫీసుకు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. సంతకం కలవదంటారు. ఆ ముసలామె పింఛను ఎన్ని నెలలు ఆగుతుందో తెలియదు. ఎవరో ఒకరు ఆయనకు ఫోను చేస్తారు. ఆయన ఇంటికి పోయి వదినెతో ఏం మాట్లాడతాడో ఊహించుకున్నాను. రెండు రోజులు ఆ ఫారం బీరువాలో బట్టల మధ్య దాచిపెట్టాను. ముసలామె రోజూ గల్లీ చివర నిలబడి, "అయిందా బిడ్డా?" అని అడిగింది.

మూడో రోజు కొత్త ఫారం తెచ్చి, నా చేత్తోనే నింపి, ఆయన దగ్గరికి పోయాను. షెడ్డు కింద కుర్చీలు నిండి ఉన్నాయి. నన్ను చూసి, "చెల్లెకు కుర్చీ ఎయ్యి" అన్నాడు. వరుసలో నా ముందు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ళందరినీ దాటించి నన్ను ముందుకు పిలిచాడు. నేను పోయాను. వెనక్కి తిరిగి చూడలేదు.

ఫారం చదవలేదు. ఒక్క గుంజుడుకు మెలిక సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు.

"మంచి పని చేస్తున్నవ్. అందరు నా దాక రాలేరు. ఇట్లనే తెస్తుండు."

ముసలామె పని అయింది. వదినె సంతకం మంచిగా పనిచేస్తుందని ఆమె అందరికీ చెప్పింది. అప్పటి నుంచి వదినె సంచిలోంచి ఇంకో రెండు వచ్చాయి. రెండూ అట్లాగే చేశాను. ఆయన షెడ్డు కింద నాకు ఇప్పుడు వరుస లేదు. బోధన్ యార్డులో పర్మిట్లు జేబులో వేసుకొని తిరిగిన మనిషికీ నాకూ తేడా ఏమిటని నన్ను ఎవరూ అడగరు. బాపు అడగడు. మా ఆయనకు నేను దారికి వచ్చానని సంతోషం.

వదినె సంతకం చేసిన పాత ఫారాలు నేను చింపలేదు. మూడు ఉన్నాయి, పేరు మొత్తం, గీతతో సహా. అవి నా దగ్గర ఉన్నాయని ఆయనకు తెలియదు, తెలిస్తే మళ్ళీ ఏదో ఒక సాయంత్రం వచ్చి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. వాటిని తీసుకొని ఎక్కడికి పోవాలో, పోయి ఏమని చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. ఎక్కడికి పోయినా ముందు వదినెకు చెప్పి పోవాలి. ఆమె చేతి రాత గురించి ఆమెకు చెప్పకుండా ఇంకొకరికి చెబితే, ఆయన చేసిందే నేనూ చేసినట్టు.